ఇండ్ ఏఎస్ ఫెయిర్ వాల్యూ: మార్చి 31న ఏ లైనుకు చేయాలి, ఏ లైనుకు అక్కర్లేదు?

గుత్తికోట_లెడ్జర్ · అనంతపురం

అందరికీ నమస్కారం. గుత్తి దగ్గర ఒక సోలార్ ఎస్పీవీ (ఒక్క ప్రాజెక్టు కోసమే పెట్టిన కంపెనీ) లెక్కలు చూస్తాను. కంపెనీ చిన్నదే, కానీ హోల్డింగ్ కంపెనీ (మా పై కంపెనీ) లిస్టెడ్ కాబట్టి ఇండ్ ఏఎస్ (లిస్టెడ్, పెద్ద కంపెనీల అకౌంటింగ్ ప్రమాణాలు) తప్పదు. బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నవి ఇవి: లిక్విడ్ మ్యూచువల్ ఫండ్ 4.20 కోట్లు, ఆఫీసు అద్దె డిపాజిట్ 10 లక్షలు (5 ఏళ్లు, వడ్డీ లేదు), హోల్డింగ్ కంపెనీ ఇచ్చిన వడ్డీ లేని అప్పు 12 కోట్లు, బ్యాంకు టర్మ్ లోన్ 180 కోట్లు (ఫ్లోటింగ్), దాని మీద ఒక ఇంట్రెస్ట్ రేట్ స్వాప్ (మారే వడ్డీని స్థిర వడ్డీగా మార్చుకునే ఒప్పందం). "అన్ని ఫైనాన్షియల్ ఇన్‌స్ట్రుమెంట్లకూ ఫెయిర్ వాల్యూ వర్కింగ్ పంపండి" అని గ్రూప్ ఆడిటర్లు మెయిల్ పెట్టారు. 180 కోట్ల లోన్ కూడా మార్కెట్ విలువకు మార్చాలా? ఒక్కో లైనుకు ఏం చేయాలో చెప్పగలరా?

తుంగభద్ర_సీఏ · కర్నూలు

లోన్‌ను మార్చకండి సార్. గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, లెక్కల్లోకి తెచ్చుకునే మొదటి రోజును, ఆ తర్వాత వచ్చే ప్రతి మార్చి 31ని ఒకే గాట కట్టేయడం దగ్గర. మొదటి రోజు ఇండ్ ఏఎస్ 109 ప్రకారం ఆస్తి అయినా అప్పు అయినా ఫెయిర్ వాల్యూతోనే మొదలవుతుంది. పెద్ద ఫైనాన్సింగ్ అంశం (లోపల దాగిన వడ్డీ) లేని ట్రేడ్ రిసీవబుల్స్ (కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు) ఒక్కటే ఇన్వాయిస్ ధరకు వస్తాయి. ఆ తర్వాత ఎలా కొలవాలన్నది వర్గీకరణను బట్టి ఉంటుంది.

ఆస్తులకు రెండు పరీక్షలు. దాన్ని అట్టిపెట్టుకుని డబ్బు వసూలు చేసుకోవడమే కంపెనీ పద్ధతా, లేక అమ్మడం కూడానా? వచ్చే డబ్బు అసలు, ఆ అసలు మీద వడ్డీ మాత్రమేనా? రెండూ సరిపోయి, వసూలు మాత్రమే అయితే అమార్టైజ్డ్ కాస్ట్ (మొదటి విలువకు వడ్డీ కలుపుతూ, చేతులు మారిన డబ్బు తీసేస్తూ పోయే లెక్క). వసూలు, అమ్మకం రెండూ అయితే ఓసీఐ (లాభనష్టాల బయట చూపే ఇతర ఆదాయం) ద్వారా ఫెయిర్ వాల్యూ. మిగిలినవన్నీ లాభనష్టాల ద్వారా ఫెయిర్ వాల్యూ. అప్పులు మామూలుగా అమార్టైజ్డ్ కాస్ట్‌లోనే ఉంటాయి. స్వాప్ లాంటి డెరివేటివ్‌లు మాత్రం ఎప్పుడూ ఫెయిర్ వాల్యూనే.

మీ జాబితాలో మార్చి 31న ఫెయిర్ వాల్యూకు మారేవి రెండే: మ్యూచువల్ ఫండ్, స్వాప్. డిపాజిట్, హోల్డింగ్ కంపెనీ అప్పు మొదటి రోజు ఒక్కసారే. టర్మ్ లోన్‌కు ఫెయిర్ వాల్యూ నోట్‌లో మాత్రమే చూపాలి, అది కూడా పుస్తక విలువకు దగ్గరగా ఉంటే "సుమారుగా సమానం" అని రాస్తే ఇండ్ ఏఎస్ 107 ఒప్పుకుంటుంది. లోన్‌లో చూడాల్సింది ప్రాసెసింగ్ ఫీజు. 1 శాతం అంటే 1.80 కోట్లు. దాన్ని కట్టిన ఏడాదే ఖర్చు రాయకూడదు, ఎఫెక్టివ్ వడ్డీ రేటులో (ఫీజు కూడా కలిసిన రేటు) కలిపి లోన్ కాలమంతా పంచాలి.

ఫ్లోటింగ్ కదా అని కళ్లు మూసుకోకండి. బెంచ్‌మార్క్ మారినా బ్యాంకు మార్జిన్ మారదు. లోన్ తీసుకున్నాక కంపెనీ రేటింగ్ పెరిగిందో తగ్గిందో చూసి, ఈ రోజు అదే లోన్‌కు ఎంత మార్జిన్ అడుగుతారో ఒక పేరా రాసి ఫైల్లో పెట్టండి.

పెన్నా_డెబిట్ · కడప

మ్యూచువల్ ఫండ్ గురించి. యూనిట్ నుంచి వచ్చేది ఎన్ఏవీని (ఫండ్ ప్రకటించే యూనిట్ విలువ) బట్టి మారే డబ్బు, అసలూ వడ్డీ కాదు. అందుకే "మేం అమ్మం, పెట్టుకుంటాం" అన్నా అమార్టైజ్డ్ కాస్ట్‌కు కుదరదు. మార్చి 31 ఎన్ఏవీని యూనిట్లతో గుణించండి, తేడా లాభనష్టాల్లోకి. సెలవు రోజులు చూసుకోవాలి. 2024 మార్చి 31 ఆదివారం, 29 గుడ్ ఫ్రైడే కాబట్టి షేర్లకు ఆ ఏడాది మార్చి 28 ముగింపు ధరే చివరిది. లిక్విడ్ ఫండ్‌కు ఆదివారం ఎన్ఏవీ కూడా వస్తుంది. రెండింటికీ ఒకే తేదీ ధర వేసేస్తే అక్కడ తేడా పడుతుంది.

ఫెయిర్ వాల్యూ ఎంత నేరుగా దొరికిందో చెప్పే మూడు లెవెళ్లలో (3 అంటే మన అంచనాల మీద నడిచేది) దీన్ని లెవెల్ 1గా చూపండి. ఎన్ఏవీ రోజూ బహిరంగంగా ప్రకటిస్తారు, ఆ ధరకే డబ్బు చేతికొస్తుంది.

తుంగభద్ర_సీఏ · కర్నూలు

ఇక్కడ నేను ఒప్పుకోను మేడం. లెవెల్ 1 అంటే చురుగ్గా కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే మార్కెట్‌లో అదే వస్తువుకు దొరికే ధర. లిక్విడ్ ఫండ్ యూనిట్లు ఎక్స్ఛేంజీలో చేతులు మారవు, ఫండ్ హౌసే తిరిగి తీసుకుంటుంది. కాబట్టి లెవెల్ 2. రెండు రకాలుగానూ చూపే కంపెనీలు ఉన్నాయి, విలువ మారదు. కానీ నోట్‌లో ఒక విధానం రాసి ఏటా దాన్నే పట్టుకోవాలి, ముఖ్యంగా గ్రూప్ మొత్తం ఒకేలా ఉండాలి.

పెన్నా_డెబిట్ · కడప

గ్రూప్ పాలసీ ఏదుంటే అది, ఒప్పుకుంటున్నా. నా ఓటు మాత్రం లెవెల్ 1కే.

డిపాజిట్ సంగతి చెప్తా. 10 లక్షలు, 5 ఏళ్లు, 10 శాతం అనుకుంటే, చివర్లో వచ్చే డబ్బును ఈ రోజు విలువకు తగ్గించడానికి (డిస్కౌంట్) 10,00,000ను 1.61051తో (1.10ని ఐదుసార్లు హెచ్చిస్తే వచ్చేది) భాగించాలి. వచ్చేది 6,20,921. మిగిలిన 3,79,079 ఖర్చు కాదు, ముందే కట్టిన అద్దె లాంటిది. లీజుల ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 అమల్లోకి వచ్చిన 2019 ఏప్రిల్ 1 నుంచి అది రైట్ ఆఫ్ యూజ్ ఆస్తిలో (అద్దె చోటును వాడుకునే హక్కు) కలుస్తుంది. మొదటి ఏడాది వడ్డీ ఆదాయం 62,092, రెండో ఏడాది 68,301, మూడో ఏడాది 75,131, తర్వాత 82,645, చివరి ఏడాది 90,909. ఐదేళ్లకు డిపాజిట్ మళ్లీ 10 లక్షలు అవుతుంది. మార్చి 31న మార్కెట్ వడ్డీ మారిందని ఈ లెక్క మళ్లీ వేయరు.

ఎక్కువ ఫైళ్లలో తప్పు కనిపించేది రేటు దగ్గర. మన కంపెనీ అప్పు రేటు తెచ్చి వేసేస్తారు. డిపాజిట్ అంటే ఇంటి యజమానికి మనం ఇచ్చిన అప్పు. అలాంటి యజమానికి అదే కాలానికి, అలాంటి హామీతో బయట ఎవరైనా ఎంతకు ఇస్తారో ఆ రేటు కావాలి. లీజు అప్పుకు మన బారోయింగ్ రేటు, డిపాజిట్‌కు ఎదుటివాడి రేటు. రెండూ ఒకే షీట్‌లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి సెల్ లింక్ పొరపాటున ఒకటే అయిపోతుంది, చూసుకోండి.

కరెంటు కనెక్షన్ డిపాజిట్‌ను దీనితో కలపొద్దు. దాని మీద డిస్కం వడ్డీ ఇస్తుంది, కనెక్షన్ వదిలేస్తే తిరిగొస్తుంది. అక్కడ డిస్కౌంట్ లెక్క అవసరం పడదు.

తుంగభద్ర_సీఏ · కర్నూలు

గుత్తికోట గారూ, 12 కోట్ల అప్పు ఒప్పందంలో తిరిగి చెల్లించే గడువు ఏముంది?

గుత్తికోట_లెడ్జర్ · అనంతపురం

"అడిగినప్పుడు చెల్లించాలి" అని ఉంది సార్. కాబట్టి డిస్కౌంట్ అక్కర్లేదు, 12 కోట్లకే ఉంచొచ్చు అనుకుంటున్నాం.

తుంగభద్ర_సీఏ · కర్నూలు

ఆ ఒక్క కాగితం చాలదు. బ్యాంకు టర్మ్ లోన్ ఒప్పందంలో "మా బాకీ తీరేవరకు ప్రమోటర్ అప్పు తిరిగి చెల్లించరాదు" అన్న షరతు, దాని కింద హోల్డింగ్ కంపెనీ సంతకం పెట్టిన అండర్‌టేకింగ్ ఉన్నాయేమో చూడండి. సోలార్ ప్రాజెక్టు ఫైనాన్స్‌లో ఇది మామూలుగా ఉంటుంది.

ఇండ్ ఏఎస్ 113, 47వ పేరా ఏం చెప్తుందంటే, అడిగితే చెల్లించాల్సిన అప్పు ఫెయిర్ వాల్యూ, ఆ మొత్తాన్ని అడగగలిగిన మొదటి తేదీ నుంచి డిస్కౌంట్ చేసిన విలువ కంటే తక్కువ ఉండకూడదు. షరతు లేకపోతే ఆ మొదటి తేదీ ఈ రోజే, 12 కోట్లకు 12 కోట్లు ఉంచి కరెంట్ లయబిలిటీగా చూపాలి. షరతు ఉంటే ఆ మొదటి తేదీ బ్యాంకు లోన్ ముగిసే రోజు. టర్మ్ లోన్ ఇంకా 14 ఏళ్లు ఉందనుకోండి. 9 శాతానికి 12 కోట్లను 3.3417తో భాగిస్తే 3.59 కోట్లు అప్పు, మిగిలిన 8.41 కోట్లు ఈక్విటీలో హోల్డింగ్ కంపెనీ మూలధన సాయం. మొదటి ఏడాది 32.32 లక్షలు ఫైనాన్స్ ఖర్చు పడుతుంది, నగదు పోకపోయినా. హోల్డింగ్ కంపెనీ వాళ్ల సొంత లెక్కల్లో అదే 8.41 కోట్లు సబ్సిడరీ పెట్టుబడికి కలుపుతుంది. రెండు వైపులా ఒకే అంకె ఉండాలి, లేకపోతే కన్సాలిడేషన్‌లో (గ్రూప్ లెక్కలు కలిపేటప్పుడు) ఎలిమినేషన్ (లోపలి బాకీల కొట్టివేత) తేలదు.

రేటు విషయం మరీ ముఖ్యం. 9 శాతం తాకట్టు ఉన్న బ్యాంకు రేటు. హోల్డింగ్ కంపెనీ అప్పు బ్యాంకు వెనకాల నిలబడే అప్పు, తాకట్టు లేదు. బయటివాడు 11 శాతం అడిగితే అప్పు విలువ 2.78 కోట్లే. అంటే రేటు 2 శాతం మారితే 81 లక్షలు అటూ ఇటూ. ఆ రేటు ఎందుకు తీసుకున్నారో ఒక పేజీ రాసి పెట్టకపోతే ఆడిటర్ మొదట వేలు పెట్టేది అక్కడే.

గుత్తికోట_లెడ్జర్ · అనంతపురం

చూశాను సార్. అండర్‌టేకింగ్ ఉంది, హోల్డింగ్ కంపెనీ బోర్డు తీర్మానంతో సహా. 12 కోట్లకు ఉంచిన వర్కింగ్ తీసేసి మళ్లీ చేస్తాం. ఏప్రిల్‌లో సప్లిమెంటరీ ఒప్పందం రాసుకుని గడువు మార్చుకోవచ్చు కదా అని పైనుంచి అడుగుతున్నారు.

తుంగభద్ర_సీఏ · కర్నూలు

బ్యాంకు అనుమతి లేకుండా ఆ ఒప్పందం పనికిరాదు. అనుమతి వచ్చినా దాని ప్రభావం ఆ తేదీ నుంచే. అప్పుడు పాత రేటుతో కొత్త నగదు ప్రవాహాల విలువ కట్టి, పాత అప్పు మిగులు విలువతో పోల్చాలి. తేడా 10 శాతం లేదా ఆపైన ఉంటే పాత అప్పు తీసేసి కొత్త అప్పును ఫెయిర్ వాల్యూకు తెచ్చుకోవాలి. గడిచిన మార్చి 31 మాత్రం కదలదు.

హగరి_ట్రెజరీ · అనంతపురం

స్వాప్ నేను చెప్తా. బ్యాంకు పంపే ఎంటీఎం (ఆ రోజు మార్కెట్ విలువ) కాగితాన్ని అట్లే పుస్తకాల్లోకి ఎత్తొద్దన్నా. మూడు సంగతులు చూడాల.

గుర్తు బ్యాంకు వైపు నుంచి ఉంటుంది. వాళ్లకు ప్లస్ అయితే మనకు అప్పు. కాగితం మీద "ఎవరి దృష్టితో" అన్న వాక్యం లేకపోతే మెయిల్‌లో రాయించుకోండి. రెండోది, తేదీ మార్చి 31 ముగింపుదేనా, రెండు రోజుల ముందుదా. మూడోది, ఆ అంకె చాలా సార్లు మిడ్ రేటుతో (కొనే, అమ్మే రేట్ల మధ్యది), క్రెడిట్ రిస్క్ సర్దుబాటు లేకుండా ఉంటుంది. ఇండ్ ఏఎస్ 113 ప్రకారం అప్పు విలువలో మనం చెల్లించలేకపోయే రిస్క్ కూడా కలవాల, ఆస్తి అయితే బ్యాంకు రిస్క్. ఉజ్జాయింపుగా, ఎంటీఎం మనకు 1.80 కోట్ల అప్పు, డిఫాల్ట్ సంభావ్యత 2 శాతం, డిఫాల్ట్ అయితే పోయేది 60 శాతం అనుకుంటే సర్దుబాటు 2.16 లక్షలు. పుస్తకంలో అప్పు 1,77,84,000. అంకె చిన్నదే, కానీ "చిన్నది కాబట్టి వదిలేశాం" అని రాయాలన్నా ముందు లెక్క వేసుండాల.

సొంత క్రెడిట్ రిస్క్ మార్పు ఓసీఐకి పోతుందని కొందరు ఈ 2.16 లక్షలను అటు పంపుతారు. ఆ నియమం మనం కావాలని ఫెయిర్ వాల్యూ కింద పెట్టుకున్న అప్పులకే. డెరివేటివ్‌కు వర్తించదు, లాభనష్టాల్లోకే పోవాల.

ఇక హెడ్జ్ అకౌంటింగ్. స్వాప్ నష్టాన్ని లాభనష్టాల్లో కాక, ఓసీఐ ద్వారా క్యాష్ ఫ్లో హెడ్జ్ రిజర్వులో పెట్టాలంటే హెడ్జ్ మొదలైన రోజే డాక్యుమెంట్ ఉండాల: ఏ లోన్, ఏ భాగం, ఏ రిస్క్, హెడ్జ్ రేషియో ఎంత, పనితీరు ఎట్ల కొలుస్తారు. మార్చి 31న నష్టం చూసి ఏప్రిల్‌లో రాసిన డాక్యుమెంట్ ముందుకే పనిచేస్తుంది, వెనక్కి పోదు. ఈ ఒక్క కాగితం లేక ఏడాది లాభం ఊగిపోయే కంపెనీలు ఉండాయి.

నాపరాయి_ఫైనాన్స్ · కడప

దీనికి దగ్గరి ప్రశ్నే, కొనుగోలుదారు వైపు నుంచి. యర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీ ఒక సోలార్ ఎస్పీవీలో గ్రూప్ క్యాప్టివ్ (కరెంటు వాడేవాళ్లే ప్లాంటులో వాటాదార్లుగా ఉండే పద్ధతి) కింద 2 కోట్ల షేర్లు తీసుకుంది. డివిడెండ్ లేదు, 25 ఏళ్ల పీపీఏ (కరెంటు కొనుగోలు ఒప్పందం) ముగిశాక ముఖ విలువకే ప్రమోటర్ వెనక్కి తీసుకుంటాడు. అన్‌లిస్టెడ్ ఈక్విటీ కదా అని డీసీఎఫ్ (రాబోయే నగదును ఈ రోజు విలువకు తెచ్చే) వాల్యుయేషన్ చేయించమంటున్నారు.

తుంగభద్ర_సీఏ · కర్నూలు

డీసీఎఫ్ చేయించే ముందు ఒప్పందం చదవండి అన్నా, డబ్బు ఆదా అవుతుంది. 2005 ఎలక్ట్రిసిటీ రూల్స్ ప్రకారం క్యాప్టివ్ అనిపించుకోవాలంటే వాడకందార్లకు కనీసం 26 శాతం వాటా ఉండాలి, 51 శాతం కరెంటు వాళ్లే వాడాలి. ఆ షరతు తీర్చడానికే ఈ షేర్లు. ఎస్పీవీ ఎంత లాభం చేసినా ఫ్యాక్టరీకి వచ్చేది 2 కోట్లే. అలాంటప్పుడు ప్రాజెక్టు లాభాల మీద డీసీఎఫ్ వేసి 3 కోట్లని చూపితే, ఆ ధరకు కొనేవాడు ఎవరు? ఫెయిర్ వాల్యూ అంటే కొలిచే రోజున మార్కెట్‌లో మరొకడికి అమ్మితే వచ్చే ధర. కొన్నవాడికీ దక్కేది చివర్లో 2 కోట్లే.

నా అభిప్రాయంలో ఇది పేరుకు షేరు, స్వభావంలో వడ్డీ లేని డిపాజిట్. 10 శాతానికి 25 ఏళ్ల గుణకం 10.8347. విలువ 18.46 లక్షలు. మిగిలిన 1,81,54,000 తక్కువ రేటు కరెంటు కోసం ముందే ఇచ్చిన మొత్తం, ఏడాదికి 7.26 లక్షల చొప్పున కరెంటు ఖర్చులోకి పోతుంది. మొదటి ఏడాది 1.85 లక్షలు వడ్డీ ఆదాయం.

కానీ 6 నెలల నోటీసుతో ఎప్పుడైనా వైదొలగి ముఖ విలువ తీసుకోవచ్చు అన్న క్లాజ్ ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు విలువ 2 కోట్లకు దగ్గర్లోనే ఉంటుంది. నోటీసు ఇస్తే పీపీఏ పెనాల్టీ ఎంత పడుతుందో కూడా అందులో కలపాలి.

ఎస్పీవీ వైపు: వెనక్కి కొనే బాధ్యత ఎస్పీవీదే అయితే ఇండ్ ఏఎస్ 32 ప్రకారం అది ఈక్విటీ కాదు, అప్పు. ప్రమోటర్‌దైతే ఎస్పీవీ సొంత లెక్కల్లో ఈక్విటీ, గ్రూప్ కన్సాలిడేషన్‌లో అప్పు.

పెన్నా_డెబిట్ · కడప

లెవెల్ 3 ఎక్కడున్నా ఆడిటర్ ఎస్ఏ 540 (అంచనాల ఆడిట్ ప్రమాణం) కింద అడిగే కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. అంచనాలపై మేనేజ్‌మెంట్ సంతకం, రేటు ఎంపిక కారణం, ఆరంభ నిల్వ నుంచి ముగింపు నిల్వ దాకా కదలిక పట్టిక, ముఖ్యమైన అంచనా 1 శాతం మారితే విలువ ఎంత మారుతుందో.

వాల్యూయర్ రిపోర్టుల్లో రెండు తప్పులు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటాదారులకు మిగిలే నగదు మీద డబ్ల్యూఏసీసీ (అప్పు, ఈక్విటీ ఖర్చుల సగటు) రేటు వేయడం. దానికి ఈక్విటీ ఖర్చు రేటు వేయాలి. డబ్ల్యూఏసీసీ అప్పు, ఈక్విటీ ఇద్దరికీ కలిపి వచ్చే నగదుకు. రెండోది, 1962 నాటి ఆదాయపు పన్ను రూల్స్‌లోని 11యూఏ కింద చేసిన పుస్తక విలువ రిపోర్టును ఇండ్ ఏఎస్‌కు తెచ్చి అతికించడం. ఆ రూల్ పన్ను కోసం పుట్టింది, మార్కెట్ పాల్గొనేవాళ్ల అంచనాలను అడగదు.

ముగ్గురాయి_ఎక్స్‌పోర్ట్ · కడప

మంగంపేట ముగ్గురాయి పొడి ఎగుమతి చేసే చిన్న కంపెనీలకు ఇండ్ ఏఎస్ లేదు కదా. మరి డాలర్ ఫార్వర్డ్‌కు (ముందు తేదీకి డాలర్ రేటు ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందం) ఫెయిర్ వాల్యూ పట్టించుకోవాలా?

హగరి_ట్రెజరీ · అనంతపురం

సగం పట్టించుకోవాల. ఇన్వాయిస్ వేసేసిన డాలర్ బాకీకి ఫార్వర్డ్ తీసుకుంటే ఏఎస్ 11 (ఇండ్ ఏఎస్ లేని కంపెనీలకు విదేశీ మారకపు ప్రమాణం): ప్రీమియంను (ఫార్వర్డ్, స్పాట్ రేట్ల తేడా) కాంట్రాక్టు కాలానికి పంచాల, తీసుకున్న రోజు స్పాట్‌కు (అదే రోజు రేటు) మార్చి 31 స్పాట్‌కు మధ్య తేడా లాభనష్టాల్లోకి. ఇంకా సరుకు పోని ఆర్డరుకు ఫార్వర్డ్ తీసుకుంటే ఏఎస్ 11 వర్తించదు. 2016 ఏప్రిల్ 1 నుంచి ఐసీఏఐ (సీఏల సంస్థ) డెరివేటివ్ గైడెన్స్ నోట్ ఉంది, దాని ప్రకారం ఫెయిర్ వాల్యూకు తేవాల.

2,00,000 డాలర్లు జూన్ 30కి 84.60కి అమ్మారనుకుందాం. మార్చి 31న పోల్చాల్సింది స్పాట్‌తో కాదు, అదే జూన్ 30కి ఆ రోజు దొరికే ఫార్వర్డ్ రేటుతో. అది 85.40 అయితే డాలర్‌కు 80 పైసలు, 1,60,000 నష్టం. మూడు నెలలకు డిస్కౌంట్ చేస్తే కొంచెం తగ్గుతుంది. స్పాట్‌తో పోలిస్తే ప్రీమియం మొత్తం తప్పుగా లాభనష్టాల్లో పడుతుంది. స్పాట్‌కు ఎఫ్‌బీఐఎల్ (బెంచ్‌మార్క్ రేట్లు ప్రకటించే సంస్థ) రెఫరెన్స్ రేటు వాడండి, 2018 జూలై నుంచి వాళ్లే ప్రకటిస్తున్నారు. ఫార్వర్డ్ రేటు బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

చిన్న కంపెనీ చేతిలో మ్యూచువల్ ఫండ్ ఉంటే ఏఎస్ 13 (పెట్టుబడుల ప్రమాణం). కరెంట్ పెట్టుబడికి కొన్న ధర, మార్కెట్ ధరల్లో తక్కువది. పెరిగిన లాభం రాయకూడదు.

గుత్తికోట_లెడ్జర్ · అనంతపురం

చివరిగా ఒకటి. ఫండ్ మీద అమ్మని లాభం 6 లక్షలు వచ్చింది. కంపెనీ 1961 ఆదాయపు పన్ను చట్టం 115బీఏబీలో (కొత్త తయారీ కంపెనీల తక్కువ పన్ను సెక్షన్) ఉంది కాబట్టి డిఫర్డ్ ట్యాక్స్ (అమ్మినప్పుడు పడబోయే పన్ను) 17.16 శాతానికి 1,02,960 రాశాం. ఈ లాభం డివిడెండ్ లెక్కలోకి వస్తుందా?

పెన్నా_డెబిట్ · కడప

ముందు పన్ను రేటు మార్చాలి. 115బీఏబీలో 15 శాతం కరెంటు ఉత్పత్తి ఆదాయానికే. ఫండ్ అమ్మితే వచ్చే స్వల్పకాలిక లాభానికి 22 శాతం, సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168. డిఫర్డ్ ట్యాక్స్ 1,51,008 రావాలి.

డివిడెండ్‌కు రాదు. కంపెనీల చట్టం 123వ సెక్షన్ ప్రకారం చేతికి రాని లాభం, ఫెయిర్ వాల్యూ వల్ల పెరిగిన విలువ పంచే లాభంలోంచి తీసేయాలి. ఫ్రీ రిజర్వుల నిర్వచనంలోనూ అంతే. ఎక్సెల్‌లో రిటైన్డ్ ఎర్నింగ్స్ పక్కన "పంచడానికి వీల్లేనిది" అని ఇంకో కాలమ్ పెట్టి, యూనిట్లు అమ్మిన ఏడాది అందులోంచి ఇటు మార్చండి. హోల్డింగ్ కంపెనీ ఇచ్చిన 8.41 కోట్ల మూలధన సాయాన్ని రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో కలపకుండా ఈక్విటీలోనే విడి లైనుగా చూపండి.